360కే డ్రైవుకు ఏ ఫ్లాపీలు పనికొస్తాయి? ఫార్మాట్ అయినవి కూడా మర్నాటికి చదవడం లేదు

పచ్చతెర

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన కంప్యూటర్‌ను పోయిన నెల అటక మీద నుంచి దింపాను. 8088 ప్రాసెసర్, 640కే మెమరీ, ఆకుపచ్చ అక్షరాల తెర, 5.25 అంగుళాల 360కే (కిలోబైట్ల) ఫ్లాపీ డ్రైవులు రెండు. హార్డ్ డిస్క్ లేదు. పవర్ సప్లై విడిగా పరీక్షించి, ఆ తర్వాతే స్విచ్ వేశాను. డాస్ 3.3 ఫ్లాపీతో చక్కగా లేచింది. ఆ బీప్ వినగానే కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను.

ఆయన బేసిక్‌లో సొంతంగా రాసుకున్న లెక్కల ప్రోగ్రాములు ఆరు ఫ్లాపీల్లో ఉన్నాయి. వాటిని కదిలించే ముందు కాపీలు తీసి పెట్టుకోవాలని, సీలు తియ్యని ఫ్లాపీ డబ్బాలు రెండు సంపాదించాను. మొదటి డబ్బాలో పది ఉన్నాయి. ఒక్కొక్కటే బి డ్రైవులో పెట్టి ఫార్మాట్ కొట్టాను. రెండు ‘ట్రాక్ 0 బ్యాడ్’ అని మొదట్లోనే ఆగిపోయాయి. ఏడింటిలో లెక్కలేనన్ని బ్యాడ్ సెక్టార్లు, అంటే రాయడానికి పనికిరాని ముక్కలు, వచ్చాయి. ఒక్కటి మాత్రం శుభ్రంగా పూర్తయి 362496 బైట్లు చూపించింది. హమ్మయ్య అనుకుని దాంట్లో ఒక ఫైలు పెట్టాను. మర్నాడు తెరిస్తే చదవనంది.

డ్రైవు పోయిందా, ఫ్లాపీలే పాతబడి పాడయ్యాయా? నాన్నగారి ఫ్లాపీలు మాత్రం ఇంకా లోపల పెట్టలేదు. టెన్షన్‌గా ఉంది.

గిర్రున300

ఒరిజినల్స్ పెట్టకపోవడం చాలా మంచి పని. ముందు ఒక్క మాట చెప్పండి, డబ్బా మీద ఏమని రాసుంది?

పచ్చతెర

మొదటి డబ్బా మీద ‘2హెచ్‌డీ’ అని పెద్దక్షరాల్లో ఉంది, కింద ‘1.6 ఎంబీ’ అని. ఎక్కువ పట్టేది తక్కువ పట్టే డ్రైవులో నడవకుండా ఉంటుందా అనుకుని తీసుకున్నాను.

గిర్రున300

నడవదు. దొరికింది కదా కారణం. మీ డ్రైవు బాగానే ఉండి ఉంటుంది. మీకు కావలసింది డీఎస్‌డీడీ, అంటే రెండు వైపులా వాడే డబుల్ డెన్సిటీ ఫ్లాపీ, 48 టీపీఐ (అంగుళానికి 48 ట్రాక్‌లు, అంటే డేటా రాసే గుండ్రటి వరసలు). ఎందుకన్నది ఇనుపపొడి గారు వచ్చి నాకంటే బాగా చెబుతారు.

ఇనుపపొడి

పచ్చతెర గారూ, మీలాగే అనుకుని డబ్బాలకు డబ్బాలు కొన్నవాళ్లను చాలామందిని చూశాను. తప్పు మీది కాదు. ఫ్లాపీ మీద అందరికీ కనపడేది ‘ఎంత పడుతుంది’ అన్న అంకె. డ్రైవుకు కావలసింది అది కాదు. ఆ పూత ఎంత మొండిదన్నదే దానికి ముఖ్యం.

ఫ్లాపీ అంటే ప్లాస్టిక్ పొర మీద ఇనుప ఆక్సైడ్ పూత. డ్రైవులో రాసి చదివే హెడ్‌లో కరెంటు పారితే ఆ పూతలో అయస్కాంతపు గుర్తులు పడతాయి. పూతను ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు తిప్పడానికి ఎంత బలం కావాలో ఓర్‌స్టెడ్లలో కొలుస్తారు. 5.25 అంగుళాల డబుల్ డెన్సిటీ ఫ్లాపీ పూత సుమారు 300 ఓర్‌స్టెడ్లు. హెచ్‌డీ, అంటే హై డెన్సిటీ పూత సుమారు 600. దాంట్లో కోబాల్ట్ కలుపుతారు, పూత మందం కూడా తక్కువ. అంటే ఒకటికి రెండింతల మొండితనం.

మీ 360కే డ్రైవు రాసేటప్పుడు పంపే కరెంటు 300 ఓర్‌స్టెడ్ల పూతకు సరిపోయేంతే. హెచ్‌డీ పూత మీద అది రాస్తే, గట్టి నేల మీద పుల్లతో గీసినట్టు. గీత పడిందనిపిస్తుంది, కానీ దిగదు. ఫార్మాట్ అయిన వెంటనే చదివి చూస్తే కొన్ని పాసైపోతాయి. మర్నాడు, లేదా డ్రైవు కొంచెం వేడెక్కాక, అంతంతమాత్రంగా ఉన్న ఆ సిగ్నల్ అందదు. మీకు ‘బాగుంది’ అనిపించిన ఆ ఒక్కటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బ్యాడ్ అన్నవి ముందే చెప్పాయి. ఇది నమ్మించి ముంచుతుంది.

లోపలి ట్రాక్‌లలో బ్యాడ్ సెక్టార్లు ఎక్కువ ఉన్నాయేమో చూడండి. ట్రాక్ 0 బయటి అంచున ఉంటుంది, 39 లోపల ఉంటుంది. చుట్టు చిన్నదయ్యేకొద్దీ అవే బిట్లు ఇరుక్కోవాలి కాబట్టి బలహీనంగా రాసినవి ముందు అక్కడే దెబ్బతింటాయి.

ఇదంతా ఇలా ఎందుకు వచ్చిందంటే, 1976లో షుగార్ట్ కంపెనీ ఎస్ఏ 400 డ్రైవు తెచ్చినప్పుడు 35 ట్రాక్‌లు, ఒక్క వైపు. 1981లో ఐబీఎం పీసీ వచ్చేసరికి 40 ట్రాక్‌లు, ఒక వైపే, 160కే. డాస్ 1.1తో రెండు వైపులూ వాడి 320కే. 1983లో డాస్ 2.0 ట్రాక్‌కు 8 సెక్టార్ల బదులు 9 పెట్టింది, 360కే అయింది. ఇంతవరకు పూత ఒకటే రకం. అందుకే అప్పటి ఫ్లాపీ ఒకటి ఇంకో మెషీన్‌లోకి సులువుగా వెళ్లేది. 1984లో పీసీ ఏటీతో 1.2 ఎంబీ డ్రైవు వచ్చింది, దానికి కొత్త పూత కావలసివచ్చింది. బయటి ఆకారం మాత్రం అచ్చు అదే. గందరగోళం అంతా అక్కడ మొదలైంది.

పచ్చతెర

ఇప్పుడు అర్థమైంది అన్నా. లోపలి ట్రాక్‌ల మాట నిజం, నంబర్లు పెరిగేకొద్దీ బ్యాడ్ అని వరసగా వచ్చాయి.

మరి లేబుల్ లేని ఫ్లాపీలు ఒక ఇరవై దాకా నాన్నగారి పెట్టెలోనే ఉన్నాయి, ఖాళీవి. అవి ఏ రకమో ఎలా తెలుస్తుంది?

సూక్ష్మరేఖ

నేను డ్రైవులు బాగుచేస్తుంటాను, చేత్తో పట్టుకుని గుర్తుపట్టే పద్ధతి చెబుతాను.

కిటికీ దగ్గర కూర్చుని ఒక ఫ్లాపీని తొడుగు అంచులతో పట్టుకోండి. మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ, లోపలి డిస్క్‌కే అంటించిన సన్నటి ప్లాస్టిక్ రింగు ఉందేమో చూడండి. డబుల్ డెన్సిటీ ఫ్లాపీల్లో చాలావాటికి ఆ రింగు ఉంటుంది. హెచ్‌డీ వాటికి సాధారణంగా ఉండదు. తర్వాత, హెడ్ తాకే పొడవాటి సందులోంచి కనిపించే పూతను వెలుతురులో కొంచెం వాల్చి చూడండి. డబుల్ డెన్సిటీది గోధుమ రంగు, ఇటుక పొడి ఛాయ కొడుతుంది. హెచ్‌డీది ముదురు, దాదాపు నల్లగా, అద్దంలా మెరుస్తుంది. రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మర్చిపోరు. మీ 2హెచ్‌డీ డబ్బాలోది ఒకటి నమూనాకు పక్కన ఉంచుకోండి. పూతను మాత్రం వేలితో తాకొద్దు.

ఒక్క గుర్తుతో తేల్చెయ్యకండి. రింగు లేని డబుల్ డెన్సిటీవి కూడా నా దగ్గర ఉన్నాయి. రెండు గుర్తులూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

ఇంకొకటి. మధ్య రంధ్రం పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. రెండు వేళ్లు మధ్య రంధ్రంలో పెట్టి డిస్క్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ఆ బెజ్జంలో వెలుతురు ఒక్కసారి మాత్రమే కనిపించాలి. అది సాఫ్ట్ సెక్టార్ ఫ్లాపీ, మీకు పనికొస్తుంది. చుట్టు పూర్తయ్యేలోగా 11 సార్లో 17 సార్లో మెరిస్తే అది హార్డ్ సెక్టార్ ఫ్లాపీ. నార్త్‌స్టార్, హీత్‌కిట్ మెషీన్ల కోసం 10 బెజ్జాలవి చేసేవారు, 16 బెజ్జాలవి కూడా ఉన్నాయి. అదనంగా ఉన్న ఆ ఒక్కటి చుట్టు మొదలును చూపే ఇండెక్స్ బెజ్జం. మీ డ్రైవు ప్రతి బెజ్జాన్నీ కొత్త చుట్టు మొదలైనట్టు లెక్కపెట్టుకుంటుంది, ఫార్మాట్ కాదు. పారెయ్యకండి, ఆ మెషీన్లు ఉన్నవాళ్లు వాటి కోసం ఎంతో వెతుకుతున్నారు.

పచ్చతెర

రేఖక్కా, ఇప్పుడే కూర్చుని తిప్పి చూశాను. ఇరవైలో పద్ధెనిమిదికి రింగు ఉంది, పూత గోధుమ రంగు, ఒకే బెజ్జం. మిగతా రెండింటి మీద తెల్లటి మచ్చలు, చెమ్మ పట్టినట్టు.

సూక్ష్మరేఖ

ఆ రెండూ బూజు పట్టినవి. డ్రైవులో అస్సలు పెట్టొద్దు. బూజు హెడ్‌కు అంటుకుంటుంది, హెడ్ తర్వాత పెట్టే ఫ్లాపీని గీకేస్తుంది. తర్వాత పెట్టబోయేది నాన్నగారిది కావచ్చు. ఆ ఆరింటిని కూడా ఇదే వెలుతురులో రెండు వైపులా చూడండి.

హెడ్‌లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది పోగులు వదలని పుల్లతో తుడవండి. రెండు హెడ్‌లున్న డ్రైవులో పై హెడ్‌ను ఎక్కువ పైకి ఎత్తకూడదు, దాన్ని పట్టుకునే రేకు వంగిపోతే అమరిక చెడిపోతుంది. ఫ్లాపీ తిరిగేటప్పుడు కీచుమని శబ్దం వస్తే వెంటనే తలుపు తెరిచి తీసెయ్యండి. పూత ఊడుతోందని అర్థం.

గిర్రున300

రెండో డబ్బా సంగతి చెప్పలేదు మీరు.

పచ్చతెర

రెండో డబ్బా మీద ‘2డీడీ’, ‘96 టీపీఐ’ అని ఉంది. మీరు 48 టీపీఐ అన్నారు కదా, అందుకని అదీ పనికిరాదని పక్కన పెట్టేశాను.

గిర్రున300

అవును, 96 టీపీఐ అంటే 1.2 ఎంబీ డ్రైవుకు సంబంధించినది. అంగుళానికి 96 ట్రాక్‌లు. మీ డ్రైవు 48. మార్చేసుకోగలిగితే మార్చుకోండి.

ఇనుపపొడి

ఆగండి, ఆ డబ్బా వదులుకోవద్దు.

హెచ్‌డీ ఫ్లాపీలన్నీ 96 టీపీఐయే గానీ, 96 టీపీఐ అన్నవన్నీ హెచ్‌డీ కావు. మధ్యలో ఇంకో రకం ఉంది. 80 ట్రాక్‌లు, పూత మాత్రం పాత 300 ఓర్‌స్టెడ్లదే. కొందరు దాన్ని క్వాడ్ డెన్సిటీ అన్నారు. డెక్ రెయిన్‌బో కంప్యూటర్‌లో ఉన్న ఆర్ఎక్స్50 డ్రైవు ఈ రకం ఫ్లాపీని ఒక వైపే వాడి 400కే పెట్టేది. బీబీసీ మైక్రో కంప్యూటర్‌కు కూడా 80 ట్రాక్‌ల డ్రైవులు తగిలించేవారు.

గుర్తులు ఇలా చదవాలి. ‘2డీ’ అంటే రెండు వైపులు, డబుల్ డెన్సిటీ, 48 టీపీఐ. ‘2డీడీ’లో రెండో డీ డబుల్ ట్రాక్, అంటే 96 టీపీఐ. ‘2హెచ్‌డీ’ అంటేనే హెచ్‌డీ. టీపీఐ అన్నది ఫ్లాపీలో చెక్కి ఉండేది కాదు. ఆ సన్నటి ట్రాక్‌లతో పరీక్షించి పాస్ చేశామని ఫ్యాక్టరీ ఇచ్చే హామీ అది. పూత ఒకటే కాబట్టి మీ 40 ట్రాక్‌ల డ్రైవు దాని మీద హాయిగా రాస్తుంది. గట్టి పరీక్షకు నిలిచిన సరుకు కనుక ఇంకా మంచిదే.

గిర్రున300

నేను చెప్పింది తప్పు, సరిదిద్దినందుకు థాంక్స్ అన్నా. పచ్చతెర గారూ, దయచేసి నా పై మాట పక్కన పెట్టెయ్యండి.

పచ్చతెర

డబ్బా తెరిచాను. పదికి పదీ 362496, ఒక్క బ్యాడ్ సెక్టార్ కూడా లేదు! చేతులు వణికాయి అంటే నమ్ముతారా. వారం ఆగి మళ్లీ చదివి చూశాకే నాన్నగారి వాటిని ముట్టుకుంటాను.

పాతసైడర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఆపిల్ 2ఈ, డిస్క్ 2 డ్రైవు ఉన్నాయి. దానికీ ఇదే లెక్కా?

ఇనుపపొడి

పూత విషయంలో అంతే. 300 ఓర్‌స్టెడ్ల డబుల్ డెన్సిటీ మాత్రమే, హెచ్‌డీ వద్దు. మీ డ్రైవు 1978 నాటిది, ఒక వైపే రాస్తుంది, 35 ట్రాక్‌లు, ఆపిల్ సొంత డాస్ 3.3లో ట్రాక్‌కు 16 సెక్టార్లు, మొత్తం 140కే. అది ఇండెక్స్ బెజ్జాన్ని అసలు చూడదు కాబట్టి హార్డ్ సెక్టార్ ఫ్లాపీ కూడా దాంట్లో నడుస్తుంది. కమొడోర్ 1541 డ్రైవు కూడా అంతే, 170కే, బెజ్జంతో పని లేదు.

పాతసైడర్

రెండో పక్క గాటు కత్తిరించి తిప్పి వాడేవారు కదా, ఇప్పుడు అలా చెయ్యొచ్చా?

సూక్ష్మరేఖ

ఆడుకోవడానికి చేసుకోండి, దాచుకోవాల్సిన వాటికి వద్దు. ఒక హెడ్ ఉన్న డ్రైవులో ఎదురుగా నొక్కి పట్టే మెత్తటి దిమ్మ ఉంటుంది. మీరు మొదటి వైపు చదువుతున్నంతసేపూ అది రెండో వైపు రాసుకున్న దాని మీదే రుద్దుకుంటుంది. పాత దిమ్మలు అరిగి గట్టిపడి ఉంటాయి.

గాటు మాట వచ్చింది కాబట్టి పచ్చతెర గారికి కూడా చెప్పాలి. 5.25లో పక్కన గాటు తెరిచి ఉంటే రాయొచ్చు, స్టిక్కర్‌తో మూస్తే రాయడానికి వీలుండదు. 3.5లో చిల్లు తెరిచి ఉంటే రాయలేం. 8 అంగుళాల వాటిలో గాటు మూస్తేనే రాస్తుంది, 5.25కి సరిగ్గా తిరగేసి. నాన్నగారి ఆరింటికీ లోపల పెట్టకముందే గాటు మూసెయ్యండి. వెలుతురు దూరని టేపు వాడండి. కొన్ని డ్రైవులు గాటును కాంతితో చూస్తాయి, పారదర్శకమైన టేపును అవి లెక్కచెయ్యవు.

నీలిబంతి

3.5 వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. నాది అమీగా కంప్యూటర్. డబుల్ డెన్సిటీవి దొరకడం కష్టం, సోనీ కూడా 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. హెచ్‌డీవి మాత్రం కుప్పలు. చాలా ఏళ్లుగా హెచ్‌డీ ఫ్లాపీలనే 880కేకి ఫార్మాట్ చేసి వాడుతున్నాను, ఇబ్బంది రాలేదు. మరి 5.25లో అంత కచ్చితంగా వద్దంటున్నారే?

ఇనుపపొడి

అక్కడ తేడా తక్కువ. 3.5 డబుల్ డెన్సిటీ పూత సుమారు 600 నుంచి 660 ఓర్‌స్టెడ్లు, హెచ్‌డీ సుమారు 720 నుంచి 750. పక్కపక్క మెట్లు అనుకోండి. 5.25లో అది ఒక అంతస్తు ఎత్తు. అందుకే మీది నడుస్తోంది. అయినా నా దాచుకునే ఫైళ్లు నేను హెచ్‌డీ మీద పెట్టను. నడవడం వేరు, పదేళ్లు నిలవడం వేరు.

నీలిబంతి

నావి పదేళ్లు దాటాయి అన్నా, ఇంకా చదువుతున్నాయి. మంచి కంపెనీ హెచ్‌డీ, పొడి చోట ఉంచితే చాలన్నది నా అనుభవం. మీ జాగ్రత్తను కాదనను, కానీ దొరకని డబుల్ డెన్సిటీ కోసం ఎదురుచూస్తూ మెషీన్‌ను ఖాళీగా ఉంచేవాళ్లకు నేను హెచ్‌డీయే చెబుతాను.

సూక్ష్మరేఖ

ఇద్దరి మాటా విన్నాక ఒక చిన్న విషయం. 3.5 హెచ్‌డీ ఫ్లాపీకి అదనంగా ఉండే ఆ రెండో చిల్లును అమీగా చూడదు, పీసీ డ్రైవు చూస్తుంది. 720కేకి ఫార్మాట్ చేసిన హెచ్‌డీ ఫ్లాపీని చిల్లు మూయకుండా పీసీలో పెడితే, దాన్ని 1.44 అనుకుని చదవబోయి చేతులెత్తేస్తుంది. రెండు చోట్లా తిరిగే ఫ్లాపీ అయితే మొదటి నుంచీ చిల్లు మూసే ఫార్మాట్ చెయ్యండి.

పచ్చతెర

నాదొక చివరి సందేహం. స్నేహితుడి దగ్గర 286 కంప్యూటర్ ఉంది, 1.2 ఎంబీ డ్రైవుతో. ఇంటర్నెట్‌లో దొరికిన పాత ప్రోగ్రాములు దాంట్లో 360కే ఫ్లాపీల మీద రాసిస్తానన్నాడు. రాయించుకోవచ్చా?

సూక్ష్మరేఖ

రాయించుకోవచ్చు, ఒక షరతు మీద. ఈ డ్రైవులు బాగుచేసేటప్పుడు నేను ఎక్కువగా చూసే గొడవ ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీ 360కే డ్రైవు గీసే ట్రాక్ వెడల్పు సుమారు 0.33 మిల్లీమీటర్లు. 1.2 ఎంబీ డ్రైవుది సుమారు 0.16, అంటే సగం. పలక మీద బలపాన్ని అడ్డంగా పెట్టి లావుపాటి గీత గీశారనుకోండి. దాని మధ్యలో మాత్రం వేలితో తుడిచి, అక్కడ సన్నటి గీత కొత్తగా గీశారు. అంచుల్లో పాత గీత మిగిలే ఉంటుంది. సన్న హెడ్‌కు మధ్యది మాత్రమే కనిపిస్తుంది, అందుకే స్నేహితుడి మెషీన్‌లో బాగా చదువుతుంది. మీ వెడల్పు హెడ్‌కు కొత్తదీ పాతదీ కలిసి కనిపిస్తాయి, ఏదీ అర్థం కాదు. మీరేమో ఫ్లాపీ పాడైందనుకుంటారు.

కాబట్టి ఆయనకు ఇచ్చేది మీ డ్రైవులో ఎప్పుడూ ఫార్మాట్ చెయ్యని ఫ్లాపీ అయ్యుండాలి. లేదా బల్క్ ఇరేజర్ అయస్కాంతంతో పూర్తిగా తుడిచినది. ఆయన ఫార్మాట్ ఎ: /4 అని కొట్టాలి, అప్పుడే 40 ట్రాక్‌లతో రాస్తుంది. మీరు దాన్ని చదువుకుని ఫైళ్లు వేరే ఫ్లాపీకి ఎక్కించుకోండి. మీ డ్రైవుతో దాని మీద మళ్లీ రాసి ఆయనకు తిరిగి ఇవ్వకండి.

గిర్రున300

రెండో డబ్బాలో పదీ ఇప్పటికే ఫార్మాట్ చేసేశారు కదా. లేబుల్ లేని పద్ధెనిమిది కూడా నాన్నగారు వాడినవై ఉండొచ్చు. తుడిచే ఇవ్వండి.

ఒక సలహా. కాపీలు తీశాక ఆ ఆరు ఫ్లాపీలను గ్రీజ్‌వీజల్ లాంటి బోర్డుతో కూడా చదివించండి. అది సెక్టార్లను కాకుండా అయస్కాంతపు మార్పులనే యథాతథంగా ఫైలులోకి తీసుకుంటుంది, డాస్ చదవలేనన్న చోట కూడా ఒక్కోసారి డేటా బయటపడుతుంది. రోజూ వాడుకోవడానికైతే గోటెక్ తగిలించుకోవచ్చు, ఫ్లాపీ బదులు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్.

పచ్చతెర

గోటెక్ ఆలోచన బాగుంది కానీ, ఆ డ్రైవు తలుపు మూసినప్పుడు వచ్చే టక్ అన్న శబ్దం కావాలి నాకు. గ్రీజ్‌వీజల్ మాత్రం తప్పకుండా తెప్పిస్తాను.

పచ్చతెర

వారం అయింది, అందుకే మళ్లీ వచ్చాను.

2డీడీ ఫ్లాపీలు పదీ రెండు డ్రైవుల్లోనూ మార్చి మార్చి చదివించాను. అన్నీ బాగున్నాయి. ఒక డ్రైవులో రాసింది ఇంకోదాంట్లో చదువుతోంది కాబట్టి హెడ్ అమరిక కూడా సరిగానే ఉన్నట్టుంది. హెడ్‌లు తుడిచాను, పుల్లకు గోధుమ రంగు మరక అంటింది.

ఆరు ఒరిజినల్స్‌నూ వెలుతురులో చూశాను, బూజు లేదు. గాట్లు మూసేశాను. డిస్క్‌కాపీ ఎ: బి: కొట్టి పక్కనే కూర్చున్నాను. అయిదు ఫ్లాపీలు ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. ఆరోది సగంలో ఆగింది. కీచుమనలేదు, చదవలేనంది అంతే. వెంటనే తీసేశాను, మళ్లీ మళ్లీ ప్రయత్నించలేదు.

కాపీ ఒకటి పెట్టి జీడబ్ల్యూ బేసిక్‌లో లిస్ట్ కొట్టాను. పదో లైన్‌లో రెమ్ (ప్రోగ్రాములో వ్యాఖ్య రాసుకునే మాట) తర్వాత నాన్నగారి పేరు, తేదీ ఉన్నాయి.

ఇనుపపొడి

చాలా సంతోషం బాబూ. ఆరోదాన్ని అలా ఆపెయ్యడమే సరైన పని. గ్రీజ్‌వీజల్ వచ్చేదాకా దాన్ని కాగితపు కవర్‌లో పెట్టి, నిలబెట్టి ఉంచండి. బోర్డు రాగానే ఇక్కడ రాయండి, ట్రాక్ ట్రాక్‌కూ కలిసి చూద్దాం.

సూక్ష్మరేఖ

దాన్ని పెట్టేముందు హెడ్‌లు మళ్లీ తుడవండి. అయిదు పాత ఫ్లాపీలు తిరిగాయి వాటి మీద.